(ఇ) ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు

ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా చేరి డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యాను. శాఖ పేరు చెప్పను. చెబితే నాతో పనిచేసినవాళ్లు నొచ్చుకుంటారు. ఆ ఉద్యోగంలో నా చేతిమీదుగా ఎక్కువగా వెళ్లినవి పార్లమెంటు ప్రశ్నలకు మంత్రిగారి పేరుతో రాసిన జవాబులే. టీవీలో మీరు చూసే ప్రశ్నోత్తరాలు వేరు. లోక్‌సభలో రోజుకు ఇరవై ప్రశ్నలకే నక్షత్ర గుర్తు ఉంటుంది, మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పేది వాటికే. గుర్తు లేనివి రోజుకు 230 దాకా, రాజ్యసభలో మరో 160. వీటికి జవాబు కాగితం మీదే ఇస్తారు. సభ ముందు ఉంచుతారు, అచ్చు వేస్తారు. పింఛన్లు, ఉపకార వేతనాలు, ఉపాధి కూలి బకాయిలు, అంగన్‌వాడీ ఖాళీలు, ఇళ్ల మంజూరు... పేదవాళ్ల బతుకుకు సంబంధించిన ప్రశ్నల్లో చాలాభాగం ఈ కాగితాల్లోనే పుట్టి ఈ కాగితాల్లోనే ముగుస్తుంది.

ఇప్పుడు మన ప్రాంతాల పిల్లలు స్టాఫ్ సెలక్షన్ పరీక్షలు రాసి ఆ సెక్షన్లలో చేరుతున్నారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను.

1. ప్రశ్న పూర్తిగా చదవకముందే పాత జవాబు తీయకండి.

నోటీసు సెక్షన్‌కి రాగానే అందరం చేసే మొదటి పని, పోయిన సమావేశాల్లో అదే పథకం మీద ఇచ్చిన జవాబు వెతకడం. దొరికితే సగం పని అయిపోయినట్టే. తేదీలు మార్చి, అంకెలు కొత్తవి వేసి పైకి పంపుతాం. నేనూ అలాగే నేర్చుకున్నాను, తర్వాత అలాగే నేర్పాను.

ఒకసారి ఒక ఉపకార వేతన పథకం మీద ప్రశ్న వచ్చింది. ఆ ఎంపీ అడిగింది తేలిగ్గా అర్థమయ్యేదే. ఎంతమంది విద్యార్థులకు డబ్బు అందలేదు, ఎందుకు అందలేదు? మేం పథకం ఉద్దేశం మీద ఒక పేరా, అర్హతల మీద ఒక పేరా రాసి, వెనకాల అనుబంధంగా రాష్ట్రాలవారీ పట్టిక పెట్టాం. పట్టికలో మూడు గడులు: కేటాయింపు, విడుదల, వినియోగం. వినియోగం అంటే రాష్ట్రం పంపిన వినియోగ పత్రంలోని అంకె. ఒక్క అంకె కూడా తప్పు కాదు. కానీ కేంద్రం విడుదల చేసిన డబ్బుకీ, హాస్టల్లో ఉన్న పిల్లవాడి ఖాతాలో పడిన డబ్బుకీ మధ్య రాష్ట్ర ఖజానా, జిల్లా కార్యాలయం, కాలేజీ, బ్యాంకు ఉన్నాయి. ఆ దారిలో ఎక్కడ ఆగిందన్నదే ఎంపీ ప్రశ్న. దానికి పట్టికలో గడి లేదు.

సమావేశాల రోజుల్లో జవాబు ఇంగ్లిషులోనూ హిందీలోనూ ముందురోజే సభా సచివాలయానికి చేరాలి. అనువాద విభాగంవాళ్లు టీ తాగుతూ మా కోసం కాచుకుని ఉంటారు. ఆ సాయంత్రం ఫైలు పట్టుకుని సహాయ మంత్రిగారి గదికి వెళ్లాం. ఆయన రెండు పేరాలూ చదివి, "ఇందులో జవాబు ఎక్కడుంది?" అని అడిగారు. "అనుబంధంలో ఉంది సార్" అన్నారు మా జాయింట్ సెక్రటరీ. మంత్రిగారు అనుబంధం తిప్పి, పట్టిక పైగడి మీద వేలు పెట్టి, ఒక్కో వరుసా దాటుకుంటూ కింది దాకా వచ్చారు. మా ముఖాలు చూశారు. సంతకం పెట్టారు. వరండాలోకి వచ్చాక మేం ఊపిరి పీల్చుకున్నాం. ఇవాళ తలుచుకుంటే ఆ ఊపిరే నన్ను బాధిస్తుంది. ఆయనకు అర్థమైంది, మాకూ అర్థమైంది, గడియారం చూసుకుని అందరం కలిసి ఒప్పుకున్నాం.

2. జవాబు తయారయ్యేది ప్రశ్న వచ్చాక కాదు, ఫారం అచ్చువేసిన రోజున.

ఈ సంగతి నాకు రిటైరయ్యాక కానీ పూర్తిగా తెలిసిరాలేదు. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయం లేకుండానే సమావేశాలు జరిగాయి. లిఖిత ప్రశ్నలు మాత్రమే మిగిలాయి. మొదటి రోజే, 14న, లాక్‌డౌన్‌లో ఊళ్లకు తిరిగి వెళ్తూ చనిపోయిన వలస కార్మికులు ఎంతమంది, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో ప్రశ్న. కార్మిక శాఖ జవాబు: అలాంటి లెక్క ఏదీ నిర్వహించడం లేదు, పై జవాబు దృష్ట్యా పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు. తిరిగి వెళ్లినవారి లెక్క మాత్రం ఉంది: కోటీ నాలుగు లక్షల పైచిలుకు. ఆ వేసవిలో నాగపూర్ వైపు జాతీయ రహదారి మీద మేడ్చల్ నుంచి ఆదిలాబాద్ దాకా మూటలు నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లను మన తెలంగాణ పల్లెలవాళ్లు కళ్లారా చూశారు, మజ్జిగ పోశారు. ఇంటి దగ్గర పేపరు చదువుతూ, ఆ జవాబు డ్రాఫ్టు చేసిన కుర్రాణ్ణి నేను ఊహించుకోగలిగాను. అతను అబద్ధం రాయలేదు. అతని బల్ల మీద ఆ లెక్క నిజంగానే లేదు.

అదే సమావేశాల్లో, అదే వారంలో, రాజ్యసభలో రైల్వే శాఖ ఇంకో లిఖిత జవాబు ఇచ్చింది. శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ సెప్టెంబరు 9 వరకు 97 మంది చనిపోయారని, 87 మృతదేహాలను పోస్టుమార్టంకి పంపారని, 51 నివేదికలు అందాయని అందులో ఉంది. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖకు లెక్క లేదు, ఇంకొక శాఖకు పోస్టుమార్టం నివేదికల దాకా లెక్క ఉంది. ఎందుకు? రైల్లో మనిషి చనిపోతే పోలీసులు అప్పట్లో అమల్లో ఉన్న సీఆర్పీసీ 174 కింద కేసు రాయాల్సి ఉండేది. రాసే పుస్తకం ఉంది కాబట్టి అంకె ఉంది. రోడ్డు మీద నడుస్తూ పడిపోయినవాడు కూడా ఏదో ఒక పోలీస్ స్టేషన్ పుస్తకంలోకి ఎక్కే ఉంటాడు, కానీ "వలస కార్మికుడు" అన్న గడి ఆ పుస్తకంలో లేదు. అందుకే అతను ఢిల్లీ దాకా రాలేదు.

మీరు కొత్త పథకానికి నమూనా పత్రాలు తయారుచేసే సెక్షన్‌లో పడితే, అదృష్టం అనుకోండి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, ఎవరూ మెచ్చుకోరు. "దరఖాస్తు తిరస్కరించిన కారణం", "డబ్బు జమ అయిన తేదీ" అనే రెండు గడులు ఎక్కువ వేయించండి. పదేళ్ల తర్వాత మంత్రి ఎవరైనా కానివ్వండి, జవాబు చెప్పక తప్పదు. నేను ఆ సీట్లో కూర్చున్నప్పుడు ఫారం పొట్టిగా ఉండాలని గడులు తీసేయించాను. రాష్ట్రాల అధికారులు సులువైందని సంతోషించారు.

3. సున్నా వేరు, గీత వేరు.

పార్లమెంటు ప్రశ్న రాగానే రాష్ట్రాలన్నిటికీ లేఖ వెళ్తుంది, ఫలానా తేదీలోగా సమాచారం పంపమని. కొన్ని పంపుతాయి. కొన్ని పాతదే పంపుతాయి. కొన్ని అసలు పలకవు. పలకని రాష్ట్రం పేరు ఎదురుగా పట్టికలో గీత పెట్టి, కింద "సమాచారం అందలేదు" అని చిన్న అక్షరాల్లో రాస్తాం. ఒకసారి ఆఖరి గంటలో పట్టిక మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. గీతలన్నీ సున్నాలయ్యాయి, కింది వాక్యం ఎగిరిపోయింది. సరిచూడాల్సింది నేను. సంక్షేమ హాస్టళ్లలో ఖాళీ పోస్టుల గురించి ప్రశ్న అది. మొత్తం మీద కొన్ని రాష్ట్రాల్లో ఒక్క ఖాళీ కూడా లేదని మంత్రిగారు దేశానికి చెప్పినట్టయింది.

మర్నాడు చూసుకుని పైవాళ్లకు చెప్పాను. తప్పు జవాబుని సరిదిద్దడానికి పద్ధతి ఉంది. మంత్రి సవరణ ప్రకటన సభ ముందు ఉంచాలి. కానీ అలా చేస్తే శాఖ పరువు పోతుందని, అంతగా ఎవరు చదువుతారులే అని నాకు నచ్చజెప్పారు. నాకు అది తేలిగ్గానే నచ్చింది. కొన్ని వారాల తర్వాత ఒక రాష్ట్ర పత్రికలో ఆ సున్నా పెద్ద అక్షరాల్లో వచ్చింది, అక్కడి ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. ఆ హాస్టళ్లలో వంటమనిషి లేక పిల్లలే గరిట తిప్పుతున్నారో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

అందుకే 2021 జులై 20న రాజ్యసభలో ఆక్సిజన్ మరణాల మీద వచ్చిన జవాబు చదివినప్పుడు నా చెయ్యి అప్రయత్నంగా ఆ పట్టిక కోసం వెతికింది. ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా నివేదించలేదని ఆరోగ్య సహాయ మంత్రి లిఖిత జవాబు. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోది, కేంద్రం రాష్ట్రాలు పంపింది కూర్చి చెబుతుంది. ఆ మాట వరకు నిజమే. కానీ అంతకు రెండు నెలల ముందు, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి పదకొండుమంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం పరిహారమూ ప్రకటించింది. తిరుపతి వీధుల్లో అందరికీ తెలిసిన చావు ఢిల్లీ కాగితంలో లేదు. జులై జవాబు మీద గొడవ రేగాక కేంద్రం రాష్ట్రాలను మళ్లీ అడిగింది. ఆగస్టులో ఇచ్చిన జవాబులో ఆంధ్రప్రదేశ్ పంపిన సమాచారం చేరింది: మే 10న ఆ ఆసుపత్రిలో ట్యాంకు నింపి, ప్రత్యామ్నాయ ఏర్పాటుకు మళ్లించే వ్యవధిలో పీడనం తగ్గి, వెంటిలేటర్ మీద ఉన్న కొందరు చనిపోయారని. మూడు వారాల్లో జవాబు మారింది. సరిగ్గా అడిగితే రాష్ట్రం చెప్పింది. మొదటిసారి లేఖ ఎలా రాశారో, అసలు రాశారో లేదో, అది ఆ సెక్షన్‌లోని వాళ్లకే తెలియాలి.

4. "లేదు" అన్న చోట చట్టంలోని నిర్వచనం తీసి చూడండి.

2021 జులైలో రాజ్యసభలోనే మరో జవాబు. చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని సామాజిక న్యాయ శాఖ చెప్పింది. దేశం నివ్వెరపోయింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మీదే పోరాడారు, 2016లో మెగసెసే అందుకున్నారు. ఆయనలాంటివాళ్లు ఏళ్లుగా చావుల జాబితాలు తయారుచేస్తూనే ఉన్నారు. మరి సున్నా ఎలా వచ్చింది?

ఈ పనిని నిషేధించిన 2013 చట్టం తెరవండి. అందులో పాకీ పని అంటే పరిశుభ్రత లేని మరుగుదొడ్లు, బహిరంగ కాలువలు, గోతుల నుంచి చేతులతో మలం తీయడం. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దించడం "ప్రమాదకర శుభ్రత" అని ఇంకో నిర్వచనం కింద ఉంది. చనిపోయేవాళ్లలో దాదాపు అందరూ ఆ రెండో గడిలో ఉన్నారు. మొదటి మాట పెట్టి అడిగితే సున్నా వస్తుంది. రెండో మాట పెట్టి అడిగితే, అదే శాఖ, అదే కాలంలో, 1993 నుంచి తొమ్మిది వందలు దాటిన మరణాలు చూపించింది. ఆ కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పరిహారం ఇస్తున్న ప్రభుత్వానికి మరణాలు తెలియవని ఎవరూ అనలేరు.

చట్టప్రకారం ఆ జవాబులో తప్పు పట్టలేం. నేను ఆ సీట్లో ఉంటే నేనూ అదే రాసి ఉండేవాణ్ణేమో. కానీ కింద ఒక్క వాక్యం కలపడానికి ఏ నియమమూ అడ్డురాదు: మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రతలో జరిగిన మరణాల వివరాలు విడిగా అనుబంధంలో ఉన్నాయి అని. "అడిగినదానికే జవాబివ్వు" అని మాకు మొదటి రోజే నేర్పుతారు. అది అధికారిని కాపాడే సూత్రం. దాని వల్ల అడిగినవాడికి ఒరిగేదేమీ లేదు.

5. "సేకరిస్తున్నాం" అని రాస్తే అప్పు రాసిచ్చినట్టే.

సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం, విషయం పరిశీలనలో ఉంది, తగు చర్య తీసుకుంటాం... ఇలాంటి మాటల జాబితా ఒకటి ఉంది. జవాబులో వాటిలో ఏది కనిపించినా హామీగా లెక్కకడతారు. ప్రభుత్వ హామీల మీద లోక్‌సభ సంఘం 1953 నుంచి ఉంది. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి. లేదంటే గడువు పొడిగింపు కోరాలి, లేదా హామీని తొలగించమని వేడుకోవాలి. నేను పనిచేసిన రోజుల్లో కొన్ని హామీలు అధికారులు మారినా, మంత్రులు మారినా, చివరికి లోక్‌సభే రద్దయి కొత్తది వచ్చినా ఫైల్లో అలాగే ఉండిపోయేవి.

దీన్నుంచి మేం నేర్చుకున్న పాఠం, హామీ అనిపించుకోని వాక్యం రాయడం. ఆ విద్యలో నాకు మంచి పేరుండేది. "పరిశీలనలో ఉంది" బదులు "ఇది నిరంతర ప్రక్రియ" అంటే సరిపోతుంది, ఎవరూ పట్టుకోలేరు. చాలామంది జూనియర్లకు నేర్పాను. వాళ్లలో కొందరు ఇవాళ పెద్ద స్థానాల్లో ఉన్నారు, పండక్కి ఫోన్ చేసి "మీ దగ్గరే నేర్చుకున్నాం సార్" అంటారు.

6. అడిగినవాడెవరని చూడకండి.

ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బ్యాలెట్‌లో పేరు రావాలి, లోక్‌సభలో సాధారణంగా నూటయాభై మాటలు దాటకూడదు. చాలా ప్రశ్నలు ఎంపీ స్వయంగా రాయడు. సహాయకుడు రాస్తాడు, ఒక సంఘం రాసిస్తుంది, వ్యాపార పోటీదారు రాయిస్తాడు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 2005 డిసెంబరులో పదకొండుమంది ఎంపీలను రెండు సభలూ బహిష్కరించాయి. ఆ ఏడాది తర్వాత మా ఆఫీసుల్లో ప్రతి ప్రశ్న వెనకా ఎవరున్నారని ఆరా తీయడం ఫ్యాషనైంది. జవాబు రాయాల్సిన టైమంతా ఆ కబుర్లకే పోయేది. కానీ 1957లో, ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన పెట్టుబడుల మీద లోక్‌సభలో వేసిన ప్రశ్నతో ఆ వ్యవహారం రాజుకుని, మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లింది. ఆ ప్రశ్నకు వివరాలు ఎవరందించారో ఇవాళ ఎవరికి కావాలి?

7. మీ కాగితం మీరు అనుకోని చోటికి వెళ్తుంది.

మేం అచ్చు వేసినవి గ్రంథాలయాల బీరువాల్లో దాక్కునేవి. ఇప్పుడు లోక్‌సభ జవాబులన్నీ ఫోన్లో దొరుకుతాయి. వేరే దారులు ఇరుకవుతున్న కొద్దీ వీటి విలువ పెరుగుతోంది. 2005 సమాచార హక్కు చట్టంలో, పార్లమెంటుకు కాదనలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ కాదనకూడదని ఒక వాక్యం ఉండేది. వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో చేసిన చట్టం ఆ వాక్యమున్న క్లాజును మార్చింది, దాంతో వాక్యం పోయింది. పౌరుడికి తలుపు మూసుకున్న చోట ఎంపీ ప్రశ్నే మిగులుతుంది.

రిటైరయ్యాక మా ఊళ్లో ఉంటున్నాను. ఒక సాయంత్రం మా వీధిలోనే ఉండే ఒకాయన ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. నక్షత్ర గుర్తులేని ప్రశ్నకు ఈ మధ్యే వచ్చిన జవాబు, ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించినది. మన రాష్ట్రం వరుస కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది. "సార్, కేంద్రం విడుదల చేశామంటోంది. మా అమ్మాయికి రెండేళ్లుగా రాలేదు. కాలేజీవాళ్లు ఫీజు కట్టకపోతే సర్టిఫికెట్లు ఇవ్వం అంటున్నారు. మరి ఎక్కడుందంటారు?" అని అడిగాడు. పట్టికలో అవే మూడు గడులు. కేటాయింపు, విడుదల, వినియోగం. నేను ఆ ఉద్యోగం వదిలి ఏళ్లయినా ఎవరూ నాలుగోది కలపలేదు.

జిల్లా సంక్షేమ అధికారికి ఏమని రాయాలో చెప్పాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, మా ఎంపీగారి సహాయకుడికి ఇమ్మని ఒక ప్రశ్న రాసిచ్చాను. ఇన్నేళ్లూ అవతలి వైపు కూర్చున్నవాణ్ణి, ఏ సందులోంచి తప్పించుకోవచ్చో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ సందులన్నీ మూస్తూ రాశాను.

(అ) గత మూడేళ్లలో సంవత్సరాలవారీగా, రాష్ట్రాలవారీగా ఎంతమంది విద్యార్థుల దరఖాస్తులు మంజూరయ్యాయి;

(ఆ) వారిలో ఎంతమంది ఖాతాల్లో డబ్బు జమ అయింది, మంజూరుకీ జమకీ మధ్య సగటున ఎన్ని రోజులు పట్టింది;

(ఇ) జమ కానివారి సంఖ్య ఎంత, ఏ స్థాయిలో ఆగింది, కారణాలేమిటి;

(ఈ) ఈ సమాచారం పంపని రాష్ట్రాల పేర్లు ఏమిటి, సమాచారం లేకపోతే దాన్ని సేకరించే బాధ్యత ఎవరిది?

పోయిన సమావేశాల్లో అది బ్యాలెట్‌లో రాలేదు. వచ్చే సమావేశాలకు మళ్లీ ఇమ్మని, ఈసారి రాజ్యసభ సభ్యుడొకరి ద్వారా కూడా ఇప్పించమని చెప్పి పంపాను.